మేసన్ల గురించి మెసేజ్ వస్తే సరిచూసుకునే పద్ధతి

లాడ్జి అనగానే మనకు బస్టాండు పక్కన గదులు అద్దెకిచ్చే చోటు గుర్తొస్తుంది. ఫ్రీమేసన్లు (పొట్టిగా మేసన్లు) అనే పాత సోదర సంఘం వాళ్లకు మాత్రం లాడ్జి అంటే సభ్యుల బృందం. హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి అనే భవనం 1872 నుంచి వాళ్ల చేతిలో ఉంది. ఉత్తరాదిలో ఇలాంటి భవనాలను జనం జాదూఘర్ (మాయల ఇల్లు) అనేవారు. తలుపులు వేసుకుని ఏం చేసినా ఊరు ఊరుకోదు మరి.

మీకొచ్చిన మెసేజ్‌లో ముందు చూడాల్సింది, అందులో చెప్పింది నిజంగా వాళ్లు దాచే సంగతేనా అని. ప్రమాణం చేసి దాచేవి కొన్నే: ఒకరినొకరు గుర్తుపట్టే కరచాలనాలు, సంకేత పదాలు, దీక్ష తంతు. భవనమెక్కడుందో, సంఘం పేరేమిటో రహస్యం కాదు. లాడ్జిలకు పైసంఘాన్ని గ్రాండ్ లాడ్జి అంటారు. భారత గ్రాండ్ లాడ్జి 1961 నవంబర్ 24న ఏర్పడింది, కార్యాలయం ఢిల్లీలో ఉంది. ఆ దాచే తంతు కూడా 1730లోనే లండన్‌లో అచ్చయి బజారులో అమ్ముడుపోయింది.

తంతు వీడియో వస్తే కంగారు పడకండి, అలాగని అబద్ధమనీ కొట్టిపారేయకండి. కొత్తవాడి కళ్లకు గంతలు, మెడలో తాడు, మోకాలిపైకి మడిచిన ప్యాంటు, ఇవన్నీ ఉన్నవే. ముందూ వెనకా తెలియకుండా చూస్తే క్షుద్రపూజలాగే కనిపిస్తుంది. రహస్యం బయటపెడితే గొంతు కోస్తామన్న మాటలు కూడా పాత ప్రమాణంలో ఉండేవి. 1986లో ఇంగ్లండ్ గ్రాండ్ లాడ్జి వాటిని ప్రమాణం నుంచి తీసేసింది. కాబట్టి ప్రమాణ పాఠం చూపిస్తే అది ఏ దేశానిది, ఏ ఏటిదని అడగండి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

గుర్తు విషయం తేలిక. మేసన్ అంటే తాపీమేస్త్రీ. అందుకే వాళ్ల గుర్తులో కింద మూలమట్టం, పైన వృత్తలేఖిని, తరచుగా మధ్యలో జి అక్షరం ఉంటాయి. డాలరు నోటు మీది కన్ను కూడా వాళ్ల గుర్తేనంటారు కానీ, అది అమెరికా ప్రభుత్వ రాజముద్రలోది. ఆ ముద్ర 1782 నాటిది.

ఫలానా మహానుభావుడు మేసన్ అంటే లాడ్జి పేరు, చేరిన ఏడు అడగండి. వివేకానందుడి విషయంలో రెండూ దొరుకుతాయి: కలకత్తా, యాంకర్ అండ్ హోప్ లాడ్జి, 1884. అప్పటికాయన ఇంకా నరేంద్రనాథ్ దత్తే. ఎవరైనా ఫొటోలో కోటులో చెయ్యి పెట్టుకున్నాడు కాబట్టి మేసనే అన్నది రుజువు కాదు.

33వ డిగ్రీ, అంటే 33వ మెట్టు ఎక్కిన మేసన్లు లోకాన్ని ఏలుతున్నారంటారు. మామూలు లాడ్జిలో ఉండేవి మూడే డిగ్రీలు. 33 అన్నది స్కాటిష్ రైట్ అనే వేరే శాఖ లెక్క, దానికి మామూలు లాడ్జి మీద పెత్తనం లేదు.

అనుమానమంతా ఉత్తదే అనుకోవడం కూడా పొరపాటే. 1981లో ఇటలీ పోలీసులు లీచో జెల్లీ అనేవాడి చోట్లు సోదా చేస్తే అతను నడిపే పీ2 లాడ్జి సభ్యుల జాబితా దొరికింది. అందులో మంత్రులు, సైన్యాధికారులు, గూఢచారి విభాగాల పెద్దలతో కలిపి 962 పేర్లున్నాయి. ఆ లాడ్జిని అక్కడి మేసన్ల పెద్ద సంఘం 1976లోనే పక్కనపెట్టింది. అంటే చూడాల్సింది కరచాలనం కాదు, అధికారంలో ఉన్నవాళ్లు సభ్యత్వాన్ని దాస్తున్నారా లేదా అన్నది.

చివరిది, డబ్బు పోయే రకం: ‘ఇల్యూమినాటిలో చేరితే కోట్లు’ అనే మెసేజ్. అసలు ఇల్యూమినాటి అనే రహస్య సంఘాన్ని ఆడమ్ వైస్‌హాప్ట్ 1776 మే 1న బవేరియాలో పెట్టాడు, 1785కల్లా అక్కడి పాలకుడు నిషేధించాడు. ఇప్పుడు ఆ పేరుతో రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవాడు మోసగాడే. మేసన్లలో చేరాలంటే సభ్యులు మీ పేరు ప్రతిపాదించాలి, మీతో ముఖాముఖి మాట్లాడాలి, ఆపైన లాడ్జిలో రహస్య ఓటు వేయాలి. వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపడం అందులో ఎక్కడా లేదు. డబ్బు కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. చాట్, చెల్లింపు స్క్రీన్‌షాట్లు మాత్రం తుడిచేయకండి.