చేతి రామెన్ – మూడో పాఠం: వెదురు బొంగు కింద పిండి

వేడి సూప్‌లో వడ్డించే జపాన్ గోధుమ నూడుల్సే రామెన్. మొదటి పాఠంలో దానికి కోడి ఎముకల సూప్ కాచాం. రెండో పాఠంలో అందులో సోయా సాస్ ఏ పాళ్లలో కలపాలో చూశాం. ఇక పిండికి వద్దాం. ముందే ఒక మాట చెప్పాలి. ఈ పాఠం చేస్తున్నంత సేపూ మీ చేయి ఇంకాస్త నీళ్లు కావాలని అడుగుతూనే ఉంటుంది. పోయకండి. చపాతీలు చేసి అలవాటైన చేతికి ఇదే అన్నిటికన్నా కష్టం. నేను మొదటిసారి ఆ కోరికకు లొంగిపోయి రెండు గరిటెల నీళ్లు ఎక్కువ పోశాను. పిండి మెత్తగా, హాయిగా కలిసింది. కోసిన నూడుల్స్ మాత్రం సూప్‌లో పడిన రెండు నిమిషాలకే ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి.

రామెన్, దాని గట్టి పిండిని నొక్కే పద్ధతి ఎక్కడ నుంచి వచ్చాయో తెలిస్తే చేతికి కొంత ధైర్యం వస్తుంది.

1910లో టోక్యోలోని అసకుసలో ఒజాకి కన్‌ఇచి అనే ఆయన రైరైకెన్ అనే భోజనశాల తెరిచాడు. అంతకుముందు ఆయన యొకొహామా రేవులో సుంకం శాఖ ఉద్యోగి. రేవు పక్కనే, అప్పట్లో నాన్కిన్‌మచి అని పిలిచే చైనా పేట ఉంది. అక్కడి వంటవాళ్లనే అసకుసకు తీసుకొచ్చాడు. సెన్సోజి ఆలయానికి వచ్చే భక్తులు, నాటకశాలలకు వచ్చే జనం కలిసి అసకుస ఎప్పుడూ కిటకిటలాడేది. ఆ జనానికి చైనా వంటను సోయా సాస్ రుచితో, చవగ్గా, గిన్నెడు వేడి సూప్‌లో అందించాడు. పైన పంది మాంసం ముక్కలు, ఊరవేసిన వెదురు కొమ్ములు, ఉల్లికాడలు వేసేవారు. అప్పట్లో దాని పేరు షినా సోబా, అంటే చైనా నూడుల్స్. రామెన్ అన్న మాట దేశమంతటా పాకింది 1958 తర్వాతే, మొమొఫుకు ఆండో తయారుచేసిన చికెన్ రామెన్ అనే ఇన్‌స్టంట్ నూడుల్స్ ప్యాకెట్లు ఇంటింటికీ చేరాక.

రామెన్ అన్న పేరు చైనీస్ లామియెన్ నుంచి వచ్చిందని ఎక్కువ మంది చెబుతారు. ఆ మాటకు అర్థం లాగిన నూడుల్స్. పిండిని గాలిలో జాపి, మడిచి, మళ్లీ జాపే వీడియోలు మీరూ చూసి ఉంటారు. ఈ పాఠానికి వాటితో పని లేదు. అది వేరే పిండి, వేరే విద్య. మనం నేర్చుకునేది నొక్కి, ఒత్తి, కత్తితో కోసేది.

నొక్కడానికి వెదురు వాడటం దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వాళ్ల పాత పద్ధతి. జపాన్‌లో తోచిగి ప్రాంతంలోని సానో పట్టణం ఈ విద్యకు పేరు పొందింది. అక్కడ దీన్ని అవొదాకె, అంటే పచ్చి వెదురు, అంటారు. లావుపాటి బొంగు ఒక కొనను గోడలోని కన్నంలో బిగిస్తారు. గోడకు దగ్గరగా, బొంగు కింద పిండి ముద్ద పెడతారు. వంటమనిషి రెండో కొన మీద ఒక కాలు వేసి కూర్చుని, రెండో కాలితో నేలను తన్నుతూ ఎగురుతూ పక్కకు జరుగుతుంటాడు. రెండు మీటర్ల బొంగు మీద గోడకు అర మీటరు దూరంలో పిండి ఉందనుకోండి, కూర్చున్న మనిషి బరువు పిండి మీద నాలుగింతలై పడుతుంది. మణికట్టుతో ఆ పని ఎన్నటికీ కాదు. మన ఇళ్లలో మినప అప్పడాల పిండిని చేత్తో పిసికి వదిలేయకుండా రోకలితో దంచేది కూడా ఇందుకే. గట్టి పిండికి బరువు కావాలి. ఆ అప్పడాల పిండిలో క్షారం వేస్తాం కదా, రామెన్ పిండిలోనూ క్షారమే అసలు దినుసు.

జపాన్‌లో ఆ క్షారాన్ని కన్సుయి అంటారు. సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ అందులో ముఖ్యం. పిండిలో సహజంగా ఉన్న రంగు పదార్థాలు క్షారం తగిలితే పసుపు తిరుగుతాయి. అందుకే గుడ్డు వేయకపోయినా నూడుల్స్ లేత పసుపుగా ఉంటాయి. పిండికి సాగుడునిచ్చే ప్రొటీన్ అయిన గ్లూటెన్ బిగుసుకుంటుంది కాబట్టి వేడి సూప్‌లో త్వరగా మెత్తబడవు. కన్సుయి దొరక్కపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. 50 గ్రాముల వంటసోడాను పళ్లెంలో పలుచగా పరిచి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. చల్లారాక తూచండి. 32 గ్రాముల దగ్గరకు వస్తే పని పూర్తయినట్టు, ఇంకా ఎక్కువ ఉంటే మరికొంత సేపు ఉంచాలి. తడి చేత్తో ముట్టుకోకండి, కళ్ల దగ్గరకు రానివ్వకండి. అల్యూమినియం పాత్రలు వాడకండి, క్షారం ఆ లోహాన్ని తినేస్తుంది. గాజు సీసాలో గట్టిగా మూత పెట్టి దాచుకోండి.

ఇప్పుడు నలుగురికి సరిపడా కొలతలు. మైదా 400 గ్రాములు, నీళ్లు 152 గ్రాములు, ఉప్పు 4 గ్రాములు, కాల్చిన సోడా 4 గ్రాములు. ప్యాకెట్ మీద 100 గ్రాములకు ప్రొటీన్ 11 గ్రాములకు తగ్గని మైదా వెతకండి. నీళ్లను కూడా తూచండి, కంటి లెక్క ఇక్కడ పనికిరాదు.

ఉప్పు, సోడా ముందు నీళ్లలో పూర్తిగా కరగాలి. వెడల్పాటి తాంబాళంలో మైదా పోసి, ఆ నీళ్లను మూడు విడతలుగా చల్లుతూ వేళ్ల కొసలతో తిప్పండి. పిడికిలి బిగించకూడదు, ముద్ద చేయాలని చూడకూడదు. అయిదు నిమిషాలకు పిండి పచ్చికొబ్బరి కోరులా పొడిపొడిగా అవుతుంది. చూస్తే పాడైపోయిందనిపిస్తుంది. పాడవలేదు, అలాగే ఉండాలి. తడి గుడ్డ కప్పి అరగంట వదిలేయండి. ఆ అరగంటలో నీరు ప్రతి రవ్వలోకీ ఇంకుతుంది. మీరు పోయాలనుకున్న అదనపు నీటి పని ఆ విశ్రాంతే చేస్తుంది.

తర్వాత ఆ పొడినంతా దళసరి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి మడవండి. గోడకు కన్నం పెట్టలేం కాబట్టి మన బొంగు మన కాళ్లే. జపాన్‌లో ఊదొన్ అనే లావుపాటి నూడుల్స్ పిండిని కూడా చాలా చోట్ల ఇలాగే తొక్కుతారు. సంచి మీద శుభ్రమైన గుడ్డ పరిచి, మడమలతో మధ్య నుంచి అంచులకు నెమ్మదిగా తొక్కండి. పొడి కాస్తా బిళ్లగా మారుతుంది. దాన్ని తీసి మూడు మడతలు వేసి, పావు వంతు తిప్పి, మళ్లీ తొక్కండి. మొదటి రెండు మడతల్లో అంచులు బీటలు వారతాయి. కంగారు పడకండి. పిండి ఎదురు తిరిగి కాలికి రాయిలా తగులుతుంటే పావుగంట ఆపి మళ్లీ మొదలుపెట్టండి. బలవంతంగా తొక్కితే గ్లూటెన్ తెగుతుంది. అయిదారు మడతలకు పైభాగం నున్నబడి, రంగు తెలుపు నుంచి లేత పసుపుకు తిరుగుతుంది. వేలితో నొక్కితే గుంట నిదానంగా పైకి లేవాలి. కాలికి అలవాటు లేనివారు ఎత్తు తక్కువ పీట మీద సంచి పెట్టి, పైన లావుపాటి అప్పడాల కర్ర అడ్డంగా ఉంచి, రెండు కొనల మీద ఒంటి బరువు మోపవచ్చు. కర్రను దొర్లించకుండా నొక్కుతూ జరపండి. నా అభిప్రాయంలో బొంగుకు దగ్గరి అనుభవం ఇదే.

తయారైన బిళ్లను గాలి తగలకుండా చుట్టి ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచండి. అదే రోజు కోసినా నూడుల్స్ వస్తాయి కానీ, మర్నాటి నూడుల్స్‌లోని సాగుడు వాటికి ఉండదు.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం. 100 గ్రాముల మైదా చొప్పున రెండు ముద్దలు చేయండి. ఒకదానిలో సోడా వేయండి, రెండోదానిలో వేయకండి. నీళ్లు రెండింటికీ 38 గ్రాములే. మర్నాడు ఒక్కోదాని నుంచి సన్నని పేలిక కోసి, మరిగే నీటిలో రెండు నిమిషాలు ఉడికించి, వేడి సూప్‌లో వేసి పక్కపక్కనే పెట్టండి. అయిదు నిమిషాల తర్వాత రెండూ కొరికి, ఏది ఎలా తగిలిందో పుస్తకంలో రాసుకోండి. నాలుగో పాఠంలో బిళ్లను మిల్లీమీటరున్నర మందానికి ఒత్తి కత్తి పట్టేటప్పుడు ఆ రాత అవసరమవుతుంది.