బాలల రక్షణ సిబ్బంది ఎందుకు మానేస్తున్నారు? బెంగళూరులో శిక్షణ ఇచ్చేవాళ్ల కోసం

సమస్య: శిక్షణ అయిన కొన్నాళ్లకే ఫీల్డ్ వర్కర్లు ఉద్యోగం వదిలేస్తున్నారు. ఉన్నవాళ్లకు నిద్ర సరిగా పట్టదు, సెలవు రోజు ఫోన్ మోగినా టెన్షనే.

కారణం: శిక్షణంతా చట్టం చుట్టూనే తిరుగుతోంది. 2012 నాటి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే చట్టం), 2015 నాటి జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం, దొరికిన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచడం... ఇవి తెలియాల్సిందే. కానీ మెజెస్టిక్ స్టేషన్‌లో దొరికిన పిల్ల ఏడుస్తూ చెప్పిందంతా విని ఇంటికెళ్లిన వర్కర్‌కు ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఎవరూ అడగరు. ఇలాంటివి రోజూ వింటుంటే ఎంత గట్టి మనిషికైనా మనసు దెబ్బతింటుంది.

పరిష్కారం: ముందు సూపర్‌వైజర్లకు శిక్షణ ఇవ్వండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వర్కర్‌కు ఎంత నేర్పినా, పైవాళ్లు మారకపోతే పని పరిస్థితి మారదు. కష్టమైన కేసు వచ్చిన మర్నాడే ఆ వర్కర్‌ను కూర్చోబెట్టి, ఫైలు సంగతి ఎత్తకుండా, "ఎలా ఉన్నావమ్మా?" అని అడగడం, చెప్పింది ఓపిగ్గా వినడం వాళ్లతో సాధన చేయించాలి. ఎవరి చేతిలో ఎన్ని కేసులున్నాయో వారం వారం చూసి, భారం ఎక్కువున్నవాళ్ల నుంచి కొన్ని తీసి పంచాలి. రాత్రి ఫోన్ డ్యూటీ వంతులవారీగా వేయాలి. అప్పటికీ వర్కర్ మనసు కుదుటపడకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి కూడా ఊళ్లోనే ఉంది. అక్కడికి వెళ్లడానికి సెలవు అడిగితే మొహం చిట్లించకండి.

సమస్య: కేసు విచారణకు పిల్లల ఇంటికి వెళ్లాలంటే వర్కర్లకు భయం.

కారణం: ఒంటరిగా పంపడం.

పరిష్కారం: ఇద్దరిని పంపండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఆఫీసులో రాసి ఉండాలి. ఆ వేళకు రాకపోతే ఎవరు ఫోన్ చేయాలో కూడా ముందే అనుకోవాలి. తాగిన మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడితే ఎలా బయటపడాలో క్లాసులో చేసి చూపించండి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం, పని మీద వెళ్లిన చోటు కూడా పనిచేసే చోటు కిందికే వస్తుంది. ఈ సంగతి మహిళా సిబ్బందికి తప్పకుండా చెప్పండి.

సమస్య: తెలుగు వచ్చిన వర్కర్‌కు తన పని కాక అందరి పనీ పడుతోంది.

కారణం: వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు కట్టడాల దగ్గర షెడ్లలో అనంతపురం, కర్నూలు, పాలమూరు కుటుంబాలు చాలా ఉంటాయి. వాళ్ల పిల్లల కేసు ఏది వచ్చినా, "నువ్వే వచ్చి మాట్లాడు" అని ఆ ఒక్కరినే పిలుస్తారు. ఆ పనికి లెక్కా ఉండదు, డబ్బూ ఉండదు.

పరిష్కారం: 2020 పోక్సో నియమాల ప్రకారం జిల్లా బాలల రక్షణ యూనిట్ దుబాసీల జాబితా ఉంచాలి, వాళ్లకు ఫీజు ఇవ్వాలి. పోక్సో కేసుల్లో ఆ జాబితా నుంచే పిలిపించమని అడగడం, లేఖ రాయడం వర్కర్లకు నేర్పండి. పిల్లలతో పనిచేసే కాంట్రాక్టు సిబ్బందికీ ప్రభుత్వం శిక్షణ ఇవ్వాలని అవే నియమాలు చెబుతున్నాయి కాబట్టి వాళ్లను వదిలేయొద్దు. శిక్షణను ఆదివారం పెట్టకండి, ఆ రోజును డ్యూటీగానే రాయండి.