పిల్లలకి ఎటకారం, పెంచి చెప్పే మాటలు అర్థమయ్యేలా చెప్పడం ఎట్టా

మా నెల్లూరోళ్ల ఇళ్లల్లో ఎటకారం లేకుండా పూట గడవదు గదా, కానీ చిన్నపిల్లలు అదంతా నిజమే అనుకుంటారు. మా పాపకి 5 ఏళ్లప్పుడు పాలగ్లాసు మంచం మీద ఒలకబోస్తే మా అత్తమ్మ "ఆహా, ఎంత మంచి పని చేశావే తల్లీ" అనింది, అది మెచ్చుకున్నారనుకొని నవ్వుకుంటా వచ్చి నాకు చెప్పింది, ప్రాణం ఉసూరుమనింది నాకు.

ముందు పెంచి చెప్పే మాటలతో మొదలుపెట్టండి, అదే తేలిక. రోహిణి కార్తెలో బయటికెళ్లినప్పుడు "రోడ్డు మీద గుడ్డు కొడితే ఆమ్లెట్ అయిపోద్ది" అనేసి ఆగండి. "నిజంగా అయిద్దా? మరి అమ్మ ఎందుకట్టా అనింది?" అని అడగండి. "ఎండ బాగా ఉందని" అని వాళ్లే అంటే చాలు.

ఎటకారానికి టైం పడుద్ది. మామూలుగా 5, 6 ఏళ్లకి మాటకీ జరిగినదానికీ పొంతన లేదని కనిపెడతారు, కానీ అన్నవాళ్లు నవ్వించడానికన్నారా పొడవడానికన్నారా అనేది తెలియాలంటే ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించాలి, అది ఇంకా పెద్దయ్యాకే. అందుకని గొంతు సాగదీసి, మొహం కనపడేలా అనండి, ఎంబడే "ఊరికే అన్నాలే, అసలు సంగతి ఇది" అని విడమరచండి. ఆటిజం ఉన్న పిల్లలకి ఇది మరీ కష్టం కావచ్చు, వాళ్లకి సూటిగానే చెప్పండి.

తప్పు చేసి బెదిరిపోయి నిలబడినప్పుడు మాత్రం ఎటకారం అస్సలొద్దు. "గుడ్డ తీసుకురా, ఇద్దరం తుడుద్దాం" అనండి.