వేలంలో ప్రాచీన గ్రీకు వెండి నాణెం కొనడం ఎలా?

అలెగ్జాండర్ పేరుతో అచ్చయిన వెండి ద్రాక్మా (గ్రీకుల వెండి నాణెం) మన స్టీలు పావలా కన్నా కాస్త చిన్నది, కానీ మందం ఎక్కువ. తూకం 4.3 గ్రాముల దగ్గర ఉంటుంది. బొమ్మ వైపు సింహం తోలు తలకు కప్పుకున్న గ్రీకు వీరుడు హెరాక్లీస్, బొరుసు వైపు చేతిమీద గద్దతో కూర్చున్న దేవుడు జ్యూస్. 2,300 ఏళ్ల నాటి ఇలాంటి వస్తువు మ్యూజియం అద్దాల వెనకే ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను. నిజానికి యూరప్, అమెరికా వేలాల్లో ఇవి దాదాపు ప్రతి వారం అమ్ముడవుతాయి, అదీ మామూలు ఉద్యోగి అందుకోగల ధరకు. తొందరపడకుండా కొనడమే ఇందులో కష్టం.

మొదట ఒక రకం ఎంచుకోండి

కొత్తగా వచ్చినవాళ్ల కన్ను ముందుగా ఏథెన్స్ గుడ్లగూబ నాణెం మీద పడుతుంది. ఒకవైపు శిరస్త్రాణంతో ఎథీనా దేవత, మరోవైపు గూబ, పక్కన ఆలివ్ రెమ్మ. ఏథెన్స్ దగ్గరి లారియన్ గనుల వెండితో కొట్టిన ఈ నాలుగు ద్రాక్మాల నాణెం 17.2 గ్రాములు తూగుతుంది. అందమైనదే, కానీ గిరాకీ ఎక్కువ, నకిలీలూ ఎక్కువ. మొదటి కొనుగోలుకు అలెగ్జాండర్ ద్రాక్మాయే మంచిదని నా అభిప్రాయం. లాంప్సకస్, కొలొఫోన్, మాగ్నీషియా లాంటి ఆసియా మైనర్ (నేటి టర్కీ) టంకశాలలు వీటిని లెక్కలేనన్ని కొట్టాయి. అందుకే ధర తక్కువ, పోల్చి చూసుకోవడానికి నమూనాలు బోలెడు. అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో చనిపోయినా ఆయన పేరుతో నాణేలు రెండు శతాబ్దాలకు పైగా వస్తూనే ఉన్నాయి. ఆయన బతికుండగా కొట్టినవాటికి ధర ఎక్కువ పలుకుతుంది. వివరణలో ఏ ఏడు రాశారో చూడకుండా పాట పాడకండి.

మన దేశంతో ముడిపడినది కావాలంటే ఇండో-గ్రీకు రాజు మెనాండర్ ద్రాక్మా ఉంది. బౌద్ధ గ్రంథం ‘మిలిందపన్హ’లో నాగసేనుణ్ని ప్రశ్నలతో ముంచెత్తే మిలిందుడు ఈయనే. సుమారు 2.4 గ్రాముల ఆ నాణెం మీద ఒకవైపు గ్రీకు అక్షరాలు, మరోవైపు ఖరోష్ఠి లిపి ఉంటాయి.

మూడు నెలలు చూస్తూ ఉండండి, కొనకండి

నమిస్‌బిడ్స్, సిక్స్‌బిడ్ లాంటి ఆన్‌లైన్ వేదికల్లో చాలా సంస్థల వేలాలు ఒకేచోట కనిపిస్తాయి. పాత వేలాల ఫొటోలు, ధరలు ఏసీసెర్చ్, కాయిన్‌ఆర్కైవ్స్ వెబ్‌సైట్లలో దొరుకుతాయి. మీరు ఎంచుకున్న రకం నాణేలు ఓ యాభై వరుసగా చూడండి. ఏది ఎంతకు పోయింది, ఎందుకు పోయింది అని పుస్తకంలో రాసుకోండి. బొమ్మ పక్కకు జరిగి హెరాక్లీస్ ముక్కు అంచు బయటికి పోయిన నాణేనికి, బొమ్మ నిండుగా మధ్యలో పడిన నాణేనికి ధర రెట్టింపు తేడా ఎందుకుంటుందో అప్పుడు కంటికే తెలుస్తుంది. ఆ నాటి పనివాడు పైన ఒక అచ్చు, కింద ఒక అచ్చు పెట్టి సుత్తితో కొట్టేవాడు. ఏ రెండు నాణేలూ ఒకే అంచుతో, ఒకే చోట పడిన బొమ్మతో రావు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, నకిలీల దగ్గర పనికొస్తుంది.

వివరణలో ‘ఏఆర్’ అంటే వెండి. మిల్లీమీటర్లలో వెడల్పు, గ్రాముల్లో తూకం ఉంటాయి. ‘12హెచ్’ లాంటిది రెండు వైపుల బొమ్మలు ఒకదానికొకటి ఏ దిశలో ఉన్నాయో గడియారం ముల్లులా చెబుతుంది. ‘ప్రైస్’ అని పక్కన అంకె కనిపిస్తే అది డబ్బు కాదు. అలెగ్జాండర్ నాణేల మీద మార్టిన్ ప్రైస్ 1991లో తెచ్చిన జాబితాలోని సంఖ్య.

నకిలీ, దొంగసొత్తు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ముందు తూకం చూడండి. 17 గ్రాములు ఉండాల్సినది 14 ఉందంటే లోపల రాగి, పైన వెండి పూత కావచ్చు. ప్రాచీన కాలంలోనే ఇలాంటి మోసాలు జరిగాయి. అందుకే చాలా గూబ నాణేల మీద లోతైన గంట్లు కనిపిస్తాయి, లోపల వెండో కాదో చూడటానికి అప్పటి వర్తకులు పెట్టినవి. గంటు పడిన గూబ చవకగా వస్తుంది. నాకు అలాంటివి ఇష్టం, చేతులు మారిన జాడ వాటి మీద ఉంటుంది.

తర్వాత అంచు ఫొటో అడగండి. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలం మీద బుడగల గుంతలు ఉంటాయి. ఆపైన అదే రకం పాత ఫొటోలతో పోల్చండి. అంచు ఆకారం, గీతలు, బొమ్మ పడిన తీరు మరో నాణెంతో అచ్చుగుద్దినట్టు సరిపోతే, అది అదే నాణెం మళ్లీ అమ్మకానికి రావడం కాకపోతే, రెండింటిలో కనీసం ఒకటి నకిలీయే.

నిపుణులు కూడా పొరబడ్డారు. 1988లో నల్లసముద్రం నిధి అంటూ ఆ తీరంలోని గ్రీకు నగరాలు అపొలోనియా, మెసెంబ్రియాల చిన్న వెండి నాణేలు మార్కెట్లోకి వచ్చాయి. కొందరు నిపుణులు అసలైనవేనన్నారు. చివరికి నకిలీలుగా తేలాయి. కాబట్టి నాణెం అసలైనదేనని కాలపరిమితి లేని హామీ ఇచ్చే సంస్థ దగ్గరే కొనండి. గుత్తగా అమ్మే మూటలకు సాధారణంగా వాపసు ఉండదు, మొదట్లో వాటి జోలికి పోవద్దు.

అసలైనదే అయినా అక్రమంగా తవ్వినది కావచ్చు. 1984లో టర్కీలోని ఎల్మలీ దగ్గర సుమారు 1,900 వెండి నాణేలు బయటపడి, దొంగదారిన దేశం దాటాయి. వాటిలో పది ద్రాక్మాల విలువగల, అతి అరుదైన ఏథెన్స్ నాణేలు కూడా ఉన్నాయి. అమెరికాలో కొన్నవాళ్లు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగారు. 1999లో నిధి టర్కీకి తిరిగి వెళ్లింది. అందుకని ఫలానా ఏడాది ఫలానా వేలంలో అమ్ముడైందన్న జాడ ఉన్న నాణేన్నే కోరుకోండి. ధర కొంచెం ఎక్కువైనా అదే ఎంచుకోండి. ఆ జాడను ఏసీసెర్చ్‌లో పాత ఫొటోతో మీరే సరిచూసుకోవాలి.

పాట పాడే ముందు వెనక నుంచి లెక్క వేయండి

పాట ఆగిన ధర మీరు కట్టే ధర కాదు. దాని మీద కొనుగోలుదారు రుసుము సాధారణంగా 20 శాతం అటూఇటూ ఉంటుంది. తపాలా, బ్యాంకు మార్పిడి, కస్టమ్స్ వేరు. చేతిలో 200 యూరోలు ఉన్నాయనుకోండి. తపాలాకు 20 తీసేస్తే 180, దాన్ని 1.2తో భాగిస్తే 150. మీ పాట 150 దగ్గర ఆగాలి. కస్టమ్స్ సుంకం కట్టాల్సి వస్తే ఇంకా కిందే ఆగాలి. నా మొదటి వేలంలో ఈ లెక్క వేయలేదు. బిల్లు వచ్చాక ఆ నెల సరుకుల డబ్బు కదిలించాల్సి వచ్చింది.

ఆ అంకెను ముందే గరిష్ఠ పాటగా నమోదు చేయండి. సంస్థ ఆ మొత్తాన్ని ఒకేసారి వాడదు, ఎదుటివాడి పాటకు ఒక్క మెట్టు పైన మాత్రమే మీ తరఫున పాడుతుంది. సమాన పాటలు వస్తే సాధారణంగా ముందు నమోదైనదే గెలుస్తుంది. పెట్టిన పాట వెనక్కి తీసుకోవడం కుదరదు.

నాణెం చేతికి వచ్చాక

అదే రోజు తూకం వేసి, రెండువైపులా అంచుతో సహా ఫొటో తీయండి. తోమకండి, చింతపండు, వెండి పాలిష్ అసలే వద్దు. కాలంతో వెండి మీద పట్టిన నల్లని మెరుపు పోతే విలువ కూడా పోతుంది. పీవీసీ కవర్లు వెండిమీద పచ్చని జిగురు వదులుతాయి, కాబట్టి వాడకండి. బిల్లు, వేలం చీటీ నాణెంతో పాటే భద్రపరచండి.

అమెరికాలో ఉండి కొన్నవాళ్లు ఇండియాకు తెచ్చేముందు ఒకటి తెలుసుకోవాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం ఇక్కడ పురావస్తువే. మళ్లీ బయటికి మామూలుగా తీసుకెళ్లడం కుదరదు. తెచ్చేటప్పుడు కస్టమ్స్‌లో ప్రకటించి, ఆ కాగితాన్ని కూడా బిల్లు పక్కనే పెట్టండి.