ఇంటిపై మరో అంతస్తు వేసే ముందు చూసుకోవలసినవి

పిల్లలకు చోటు చాలడం లేదనో, అద్దె వస్తుందనో రెండంతస్తుల ఇంటిపై మూడోది, నాలుగోది లేపడం హైదరాబాద్ బస్తీల్లో మామూలైపోయింది. భవనం కూలితే కనిపించేది పడిపోయిన స్లాబే అయినా, కారణం చాలాసార్లు పిల్లర్లలోనో పునాదిలోనో ఉంటుంది. కాబట్టి పరిశీలన కింది నుంచే మొదలుపెట్టాలి.

ముందుగా, ఎన్ని అంతస్తుల కోసం ఫుటింగ్ (పిల్లర్ అడుగున ఉండే పునాది దిమ్మె) వేశారో తెలిపే డ్రాయింగ్‌ను వెతకాలి. అది దొరకకపోతే ఒక పిల్లర్ పక్కన జాగ్రత్తగా గుంత తీయించి, ఫుటింగ్ కొలతలను, కింది నేలను స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాలి. మేస్త్రి మాట ఒక్కటే చాలదు. నగరంలో చాలాచోట్ల కొద్ది లోతులోనే రాయి తగులుతుంది గాని, నల్లరేగడి ఉన్నచోట, చెరువు శిఖాన్ని (నీరు నిలిచే నేలను) పూడ్చి ప్లాట్లు వేసినచోట ఆ ధీమా పనికిరాదు. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, పూడిక మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. పక్క ప్లాటులో సెల్లార్ తవ్వుతుంటే మన పునాది కింది మట్టి జారే ప్రమాదమూ ఉంది.

ప్లాస్టరింగ్‌పై వెంట్రుకవాసి గీతలకు భయపడనక్కరలేదు. గోడలో ఏటవాలుగా, మెట్లుమెట్లుగా సాగే పగులు కనిపిస్తే దాని రెండు కొనల వద్ద గీత గీసి తేదీ రాయాలి, పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్కను అతికించాలి. ఆ గాజు విరిగితే కదలిక ఇంకా ఆగలేదని అర్థం.

పిల్లర్‌పై చువ్వల వెంట నిలువుగా వచ్చే పగులు అంతకంటే తీవ్రమైనది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. మా ఇంట్లో మెట్ల కింది పిల్లర్‌పై గోధుమరంగు మరక కనిపిస్తే రెండుసార్లు రంగు వేయించి ఊరుకున్నాము. ఒకరోజు చిన్న సుత్తితో తట్టగా డొల్ల శబ్దం వచ్చి అరచేయంత పెచ్చు ఊడింది. లోపల చువ్వలను చుట్టిన ఇనుప రింగు వేళ్ల మధ్య పొడిపొడిగా రాలింది. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం పిల్లర్ చువ్వలపై సాధారణంగా 40 మిల్లీమీటర్ల కవర్ (చువ్వను కప్పే కాంక్రీటు మందం) ఉండాలి, అక్కడ 10 కూడా లేదు. చువ్వలకు, పెట్టెకు మధ్య ఎడం ఉంచే కవర్ బ్లాకులు పెట్టకుండా పోత పోస్తే జరిగేది ఇదే. అందుకే బాత్‌రూమ్ పైపులు కారేచోట, వాటర్ ట్యాంకు కింద, సంపు దగ్గర తప్పక తట్టి చూడాలి.

ఇంజనీరు అనుమతించిన తర్వాతే పని మొదలుపెట్టాలి. మాలు సులువుగా జారాలని అదనంగా నీళ్లు పోస్తే కాంక్రీటు బలం తగ్గుతుంది, ఆ పని దగ్గరుండి ఆపించాలి. ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపున్న స్లాబుకు కనీసం 7 రోజులు, ఆరు మీటర్ల లోపున్న బీముకు 14 రోజులు సెంట్రింగ్ పోట్లు (కింద నిలబెట్టే ఊతాలు) తీయకూడదు. వేసవిలో కొత్త కాంక్రీటును తడిపే విషయంలో మరింత పట్టుదల అవసరం.

2013 జూలైలో సికింద్రాబాద్‌లో పాత హోటల్ భవనం కూలి పదిమందికి పైగా మరణించారు. అందుకే తలుపులు ఉన్నట్టుండి బిగుసుకున్నా, పిల్లర్ పగిలి చువ్వలు వంగి కనిపించినా, రాత్రివేళ పగుళ్ల నుంచి చిటపట శబ్దాలు వచ్చినా, సామాను కోసం ఆగకుండా అద్దెవాళ్లతో సహా అందరినీ బయటికి పంపి మున్సిపల్ అధికారులకు తెలపాలి. ఇంజనీరు చూసి చెప్పేవరకు ఎవరినీ లోపలికి వెళ్లనివ్వకూడదు.