దేవుడు దూరమైపోయాడు అనిపించిన రాత్రి ఏం చేయాలి

26 ఏళ్లుగా గుంటూరులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. అందులో సగం ఐసియులోనే గడిచింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు మత్తు మందు నడుస్తూ ఉంటుంది. కళ్లు తెరవరు, పిలిస్తే పలకరు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతాం. నోరు శుభ్రం చేస్తాం. కళ్లు ఎండిపోకుండా మందు వేస్తాం. ఏ పని చేసినా చెప్పే చేస్తాం, "బాబాయ్, ఇప్పుడు ఎడమ పక్కకి తిప్పుతున్నా" అని. ఒక పెద్దాయన దగ్గర అలా వరసగా నాలుగు రాత్రులు ఉన్నాను. ట్యూబ్ తీశాక ఆయన నన్ను చూసి, "కొత్తగా వచ్చావా అమ్మా?" అని అడిగారు.

2021 మే నెలలో మా ఆయన కరోనాతో పోయారు. ఆ తర్వాత దాదాపు ఏడాదిపాటు మోకాళ్లూనితే మాట వచ్చేది కాదు. దేవుడు ఉన్నాడని తెలుసు, నా దగ్గర ఉన్నాడని మాత్రం అనిపించేది కాదు. ఒక తెల్లవారుజామున మూడింటికి, నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని ఉండగా ఆ పెద్దాయన మాట గుర్తొచ్చింది. ఆయనకు తెలియని ఆ నాలుగు రాత్రులూ నేను ఆయన మంచం పక్కనే ఉన్నాను కదా. ఆ రోజు నుంచి నేను చేస్తూ వచ్చినవి కొన్ని చెబుతాను. మీకూ అలాంటి రాత్రులు ఉంటే చేసి చూడండి.

ముందుగా, దేవుడు దగ్గరున్నాడా లేదా అని మీ మనసును అడగడం ఆపండి. నిద్రలేని మనసు, దుఃఖంలో ఉన్న మనసు సరైన జవాబు చెప్పలేదు. ఆయన ఏమన్నాడో చూడండి. ఒకే ఒక్క వచనం ఎంచుకోండి. నేను బైబిల్లోని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం 5వ వచనం మందుల పెట్టె అట్ట ముక్క మీద రాసి యూనిఫాం జేబులో పెట్టుకున్నాను: "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను." కొత్త సంవత్సరం ఆరాధనలో తీసుకునే వాగ్దానపు కార్డు మీద ఈ మాట చాలామందికి వచ్చే ఉంటుంది. కానీ ఆ కార్డులో సగమే ఉంటుంది. బైబిల్ తీసి వచనం మొత్తం చదవండి. ధనాపేక్ష లేకుండా, కలిగినవాటితో తృప్తిపడండి అని చెప్పి, ఆ వెంటనే దేవుడు చెప్పిన ఈ మాట ఉంటుంది. అంటే డబ్బు గురించి భయపడేవాళ్లకు రాసిన మాట ఇది! ఇంటి లోన్ వాయిదా ఒక్క జీతంతో ఎలా కట్టాలా అని టెన్షన్ పడుతున్న నాకు ఆ రోజు అది సరిగ్గా నా కోసమే రాసినట్టు తగిలింది. ఏ వచనమైనా ముందూ వెనకా చదివితే దాని బలం తెలుస్తుంది.

తర్వాత, ఆ వచనాన్ని రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెట్టండి. నేను చేతులు కడుక్కున్న ప్రతిసారీ చెప్పుకుంటాను. ఐసియులో అంటే రాత్రికి ఎన్నిసార్లో లెక్కే ఉండదు. మీకైతే స్టవ్ వెలిగించేటప్పుడు కావచ్చు, బస్సు ఎక్కేటప్పుడు కావచ్చు. పేషెంటుకు మేం చెప్పినట్టే ఆయనకు కూడా చెప్పండి: "ప్రభువా, ఇప్పుడు మూడో బెడ్ దగ్గరకి వెళ్తున్నా." పెద్ద ప్రార్థన రాని రోజుల్లో నాకు ఇదే ప్రార్థన.

ఏడుపొస్తే ఏడవండి. "అలా ఏడిస్తే సాక్ష్యం పోతుందమ్మా", అంటే చూసేవాళ్ల ముందు మన విశ్వాసం చిన్నబోతుందని, నాతో అన్నవాళ్లున్నారు. ఆ మాటతో నేను ఎంతమాత్రం ఏకీభవించను. 88వ కీర్తన తీసి చదవండి. ఎక్కడా వెలుగు కనపడదు. చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను." అలాంటి కీర్తనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడు. ఆ చీకటిలో ఉన్న మనిషి కూడా ఆయనతోనే మాట్లాడుతున్నాడు, గమనించండి. నేను దాన్ని డాబా మీదకెళ్లి బిగ్గరగా చదివేదాన్ని.

ప్రేమ సంగతి. దేవుడు ప్రేమిస్తే రోగం రాదు, అప్పు ఉండదు అని బోధించేవాళ్ల మాట నమ్మకండి. రోమా పత్రిక 8వ అధ్యాయంలో పౌలు శ్రమ, బాధ, హింస, కరవు, వస్త్రహీనత, ఉపద్రవము, ఖడ్గము అని వరసగా పేర్లు పెట్టి, ఇవేవీ మనల్ని క్రీస్తు ప్రేమనుండి ఎడబాపలేవు అంటాడు. అవి రావని అనలేదు. నా భర్త చనిపోవడం దేవుడు నన్ను ప్రేమించలేదనడానికి గుర్తు కాదని నాకు నెమ్మదిగా అర్థమైంది.

మా కుటుంబం లూథరన్ సంఘానికి చెందినది. 1842లో మిషనరీ హయ్యర్ అయ్యగారు గుంటూరు వచ్చినప్పటి నుంచి ఇక్కడ ఉన్న సంఘం అది. మా నాన్న నా బాప్తిస్మం తేదీ బైబిల్ మొదటి పేజీలో రాసిపెట్టారు. శోధన, అంటే విశ్వాసానికి పరీక్ష, వచ్చినప్పుడు "నేను బాప్తిస్మం పొందినవాడిని" అని చెప్పుకోవాలని, మా సంఘం ఎవరి పేరు పెట్టుకుందో ఆ మార్టిన్ లూథర్ నేర్పించాడు. మీ తేదీ కూడా అడిగి తెలుసుకుని రాసుకోండి. ఆదివారం గుడికి వెళ్లండి, పాట నోటికి రాకపోయినా సరే. పక్కవాళ్లు పాడుతుంటే నేను చాలా వారాలు ఊరికే నిలబడ్డాను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం ఇస్తూ పాస్టరు అయ్యగారు "మీ కొరకు" అన్నప్పుడు మాత్రం చెయ్యి చాపాను.

ఇంకొకటి, తిని పడుకోండి. బైబిల్లో ఏలీయా ప్రవక్త చావాలని కోరుకుని చెట్టు కింద పడుకుంటే దేవదూత మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి లేపాడు, తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు. రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే, లేక ఏలీయాలాగే చనిపోవాలనిపిస్తే, డాక్టరు దగ్గరకు వెళ్లండి, లేదా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడతారు. విశ్వాసం ఉన్నవాళ్లు అలా వెళ్లకూడదని ఎవరైనా అంటే, ఒక నర్సు చెప్పిందని చెప్పండి.

లూథర్ 1529లో విశ్వాసం నేర్పడానికి రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకంలో రాత్రి ప్రార్థన అయ్యాక వెంటనే, సంతోషంగా నిద్రపొమ్మని ఉంది. నాకు రాత్రి అంటే పొద్దున తొమ్మిది. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని, కర్టెన్ వేస్తాను. యూనిఫాం జేబులోంచి అట్ట ముక్క తీసి దిండు పక్కన పెట్టుకుంటాను. అంచులు నలిగిపోయాయి, అక్షరాలు చెరిగితే రెండుసార్లు మళ్లీ దిద్దాను. "ప్రభువా, ఇప్పుడు పడుకుంటున్నా" అని చెప్పి కళ్లు మూసుకుంటాను.