వోల్టేజ్, కరెంట్ నుంచి రెసిస్టెన్స్, పవర్ ఎలా లెక్కకట్టాలి?

ఒక డిజిటల్ మల్టీమీటర్, కాగితం, పెన్ను చాలు. సూత్రాలు కూడా రెండే. వోల్టేజ్‌ను కరెంట్‌తో భాగిస్తే రెసిస్టెన్స్ ఓమ్‌లలో, రెండింటినీ గుణిస్తే పవర్ వాట్లలో వస్తుంది. V, I, R (వోల్టేజ్, కరెంట్, రెసిస్టెన్స్) అనే మూడక్షరాల త్రిభుజం గీసి, కావలసినదాన్ని వేలితో మూసి చూసే పద్ధతి వద్దు. భాగించాలో గుణించాలో గుర్తులేని వారికి త్రిభుజంలో పైన ఏ అక్షరం ఉండాలో మాత్రం గుర్తుంటుందా?

12 వోల్టుల బ్యాటరీతో వెలిగే 21 వాట్ల ఫిలమెంట్ బల్బును తీసుకుందాం.

1. వోల్టేజ్ కొలవండి

బల్బు వెలుగుతుండగానే దాని రెండు టెర్మినళ్ల దగ్గర కొలవండి. బ్యాటరీ మీద 12 అని రాసి ఉంది కదా అని లెక్కలో 12 వేసేయకూడదు. మీటర్ 11.8 చూపిస్తే 11.8 అనే రాయండి.

2. కరెంట్ కొలవండి

చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. వోల్టేజ్‌కి చేసినట్టే ప్రోబ్‌లు (మీటర్ వైర్ల చివరి మొనలు) బల్బుకు రెండు వైపులా ఆనించేస్తారు. కరెంట్ అలా కొలవరు. వైరును ఒకచోట విడదీసి, ఆ రెండు కొనల మధ్య మీటర్ పెట్టాలి. బల్బుకు వెళ్లే కరెంటంతా మీటర్ గుండానే పోవాలి.

కరెంట్ రేంజ్‌లో మీటర్ రెసిస్టెన్స్ దాదాపు సున్నా. అలాంటప్పుడు ప్రోబ్‌లను నేరుగా బ్యాటరీకి తగిలిస్తే అది షార్ట్ సర్క్యూటే. లోపలి ఫ్యూజ్ ఒక్కటే పోతే అదృష్టవంతులు. చవక మీటర్లలో చాలావాటికి 10 ఆంపియర్ల సాకెట్‌కు ఫ్యూజే ఉండదు. ఆ సాకెట్ పక్కన చిన్న అక్షరాలతో ఎన్ని సెకన్ల వరకు వాడవచ్చో రాసి ఉంటుంది, చదవండి.

ముందు సరఫరా ఆపండి. ఎర్ర ప్రోబ్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, డయల్ తిప్పి, మీటర్ కలిపి, అప్పుడు ఆన్ చేయండి. రీడింగ్ చూసుకోగానే ఆఫ్ చేసి, ఎర్ర ప్రోబ్‌ను వోల్టేజ్ సాకెట్‌లోకి మార్చేయండి. అంకె కాగితం మీద రాసుకోవడం కూడా ఆ తర్వాతే. తర్వాత మార్చవచ్చులే అనుకున్నవాళ్లే మర్చిపోయి, మర్నాడు అదే మీటర్‌తో వోల్టేజ్ చూడబోయి కాల్చేస్తారు.

ఇంటి కరెంట్ లైన్ జోలికి మాత్రం ఈ పద్ధతిలో వెళ్లకండి. దానికి క్లాంప్ మీటర్ ఉంది, వైరును విడదీయకుండా దాని చుట్టూ కొక్కెంలా పట్టుకుని కరెంట్ చూపిస్తుంది. అందులోనూ ఒక్క వైరునే పట్టుకోనివ్వాలి. రెండూ కలిపి పడితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుని సున్నా చూపిస్తుంది.

3. లెక్క వేయండి

కరెంట్ 1.75 ఆంపియర్లు వచ్చిందనుకోండి. 11.8 ÷ 1.75 = 6.74 ఓమ్‌లు. 11.8 × 1.75 = 20.65 వాట్లు. పవర్‌ను ఎప్పుడూ కొలిచిన అంకెల నుంచే తీయండి. రెసిస్టెన్స్‌ను 7గా సవరించి, కరెంట్ వర్గంతో గుణిస్తే 21.4 వాట్లు వస్తుంది, వోల్టేజ్ వర్గాన్ని దానితో భాగిస్తే 19.9. ఒకే బల్బుకు రెండు జవాబులు!

మీటర్ మిల్లీఆంపియర్లలో చూపిస్తే ముందు 1000తో భాగించండి. 5 వోల్టులు, 20 మిల్లీఆంపియర్లు అంటే 250 ఓమ్‌లు, 0.1 వాట్. భాగించడం మరిస్తే 100 వాట్లని తేలుతుంది.

ఇంత తంటా ఎందుకు, ఓమ్ రేంజ్‌లో పెట్టి నేరుగా చూస్తే పోలేదా అంటారు. ఆర్పేసిన ఈ బల్బును అలా కొలిస్తే ఒక ఓమ్ కూడా చూపించదు. ఫిలమెంట్ వేడెక్కాక రెసిస్టెన్స్ పది రెట్లకు పైగా పెరుగుతుంది మరి.

ఏసీ మీద నడిచే హీటర్లకు, ఫిలమెంట్ బల్బులకు కూడా ఇదే లెక్క. మోటార్లకు మాత్రం గుణిస్తే వచ్చేది వోల్ట్ ఆంపియర్లు. వాట్లు కావాలంటే దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో (అందులో నిజంగా వాట్లుగా లెక్కకు వచ్చే వంతు) మళ్లీ గుణించాలి.